తెల్ల ఏనుగు మీద తెల్ల పులులు

బస్తర్‌ అడవుల నడుమ బైలడిలా కొండల వరుస ఎద్దు మూపురంలా లేచి నిలుచుంటుంది. ఆ పేరుకు అర్థం కూడా ఎద్దు మూపురమే. 1968 నుంచి ఆ కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం కిరండూల్‌ వద్ద రైలెక్కి, అరకు కనుమల సొరంగాలు దాటి, సుమారు 450 కిలోమీటర్లు ప్రయాణించి విశాఖపట్టణం రేవుకు చేరుతూ వచ్చింది. అక్కడ ఓడలకెక్కి జపాను దారి పట్టేది. 1971 నాటికి విశాఖకు నేటి వెలుపలి హార్బరు లేదు. ఖనిజపు ఓడ అయినా, యుద్ధనౌక అయినా డాల్ఫిన్స్‌ నోస్‌ కొండ పాదాన ఉన్న ఇరుకు కాలువ గుండానే లోపలికి రావాలి, వెలుపలికి పోవాలి. ఆ కాలువ ముఖద్వారంలో శత్రువు కొన్ని మైన్లు జారవిడిచాడంటే ఆ దెబ్బ బస్తర్‌ గనుల దాకా తగులుతుంది.

ఆ ఏడు నవంబరు 14వ తేదీన కరాచీ నుంచి బయలుదేరిన ‘ఘాజీ’ అనే పాకిస్తానీ జలాంతర్గామికి అప్పగించిన పనులలో అదొకటి. రెండవ పని అంతకన్న పెద్దది. విక్రాంత్‌ను వెదకి పట్టుకొని ముంచివేయాలి.

విక్రాంత్‌ అప్పటికి భారతదేశానికున్న ఏకైక విమాన వాహక నౌక. అది పోతే దాని డెక్కు మీద నుంచి ఎగిరే దాడి విమానాల దళానికి సముద్రంలో నిలువ నీడ ఉండదు. ఆ దళం పేరు భారత నౌకా వైమానిక 300వ స్క్వాడ్రన్‌. దాని చిహ్నం లంఘిస్తున్న తెల్ల పులి. నావికులు ఆ దళాన్ని ‘తెల్ల పులులు’ అనే పిలుస్తారు.

ఈ పులులు పుట్టింది భారతదేశంలో కాదు. 1960 జులైలో బ్రిటన్‌లోని వేల్స్‌ తీరాన బ్రాడీ అనే నౌకా వైమానిక స్థావరంలో ఆ స్క్వాడ్రన్‌ను నెలకొల్పారు. అప్పటికింకా ఓడ సిద్ధం కాలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్‌వారు ‘హెర్క్యులిస్‌’ అన్న పేరుతో కట్టడం మొదలుపెట్టి, యుద్ధం ముగియగానే సగంలో వదిలేసిన నౌకను భారత ప్రభుత్వం 1957లో కొన్నది. బెల్‌ఫాస్ట్‌లో దానికి మెరుగులు దిద్ది పూర్తి చేసిన తరవాత 1961 మార్చి 4న అప్పటి హైకమిషనర్‌ విజయలక్ష్మీ పండిట్‌ దానిని నౌకాదళంలో ప్రవేశపెట్టారు. ఆ మే నెల 18న రాధాకృష్ణ హరిరామ్‌ తహిలియానీ అనే యువ లెఫ్టినెంటు సీ హాక్‌ జెట్‌ విమానాన్ని ఆ డెక్కు మీద దించాడు. విక్రాంత్‌ మీద దిగిన మొట్టమొదటి జెట్‌ అదే. ఆ లెఫ్టినెంటే 1984లో నౌకాదళ ప్రధానాధిపతి అయ్యాడు.

కదిలే ఓడ మీద జెట్‌ విమానం దించడమంటే ఏమిటో నేల మీది వారికి ఊహించడం కష్టం. విక్రాంత్‌ మొత్తం పొడవు సుమారు 213 మీటర్లు. అందులో విమానం దిగడానికి దక్కేది కొంత భాగమే. గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చే విమానం తోక కింద ఒక కొక్కెం వేలాడుతుంటుంది. డెక్కుకు అడ్డంగా బిగించిన ఉక్కు తాళ్ళలో ఒకదాన్ని ఆ కొక్కెం పట్టుకోవాలి. పట్టుకోకపోతే పైలట్‌ తక్షణం ఇంజను వేగం పెంచి మళ్ళీ గాలిలోకి లేవాలి. లేవడానికేమో ఆవిరి బలంతో పనిచేసే కాటపుల్టు ఉంటుంది. వడిసెలతో రాయి విసిరినట్లు అది విమానాన్ని ముందుకు విసరుతుంది. ఆ విసురు ఒక్కటే చాలదు. ఓడ గాలికి ఎదురు తిరిగి వేగంగా సాగాలి. ఎదురుగాలి వేగమూ ఓడ వేగమూ కలిస్తేనే విమానం రెక్కలకు కావలసిన ఆసరా దొరుకుతుంది. కాబట్టి విమాన వాహక నౌకలో బాయిలరుకు జబ్బు చేసిందంటే ఆ జబ్బు విమానాలకు కూడా చేసినట్లే.

సరిగ్గా అదే జరిగింది.

అంతకు ముందే విక్రాంత్‌కు ఒక అపకీర్తి ఉన్నది. 1965 యుద్ధంలో అది బొంబాయిలో మరమ్మతులకై నిలిచిపోయింది. దానిని ముంచివేశామని పాకిస్తాన్‌లో ప్రచారం సాగింది. ముంచలేదన్న మాట నిజమే గాని, రేవు విడిచి వెళ్ళలేదన్న మాట కూడా నిజమే. కోట్ల రూపాయలు పోసి కొన్న ఓడ యుద్ధ సమయానికి ఇంటిలోనే ఉండిపోయిందన్న విమర్శ నావికుల మనసుల్లో ముల్లులా దిగింది. ఐదేళ్ళ తరవాత, 1970 జూన్‌లో బాయిలర్ల నీటి డ్రమ్ములలో పగుళ్ళు బయటపడ్డాయి. అవి వెల్డింగుతో అతికేవి కావు. కొత్త డ్రమ్ములు బ్రిటన్‌ నుంచి రావాలి. అవి వచ్చేదాకా బాయిలర్లు వెలిగించరాదని ప్రధాన కార్యాలయం ఆదేశించింది. దాదాపు ఏడు నెలలపాటు ఓడ కదలలేదు.

ఆ పరిస్థితిలో నౌకాదళం ఎదుట రెండు దారులున్నాయి. జబ్బు ఓడను యుద్ధానికి పంపి, నడిసముద్రంలో బాయిలరు పేలినా, జలాంతర్గామి టార్పెడో తగిలినా వెయ్యిమందికి పైగా మనుషులను పోగొట్టుకునే ప్రమాదం తలకెత్తుకోవడం ఒకటి. దానిని భద్రంగా రేవులో దాచి 1965 అపకీర్తిని మళ్ళీ మూటగట్టుకోవడం రెండవది. ప్రధానాధిపతి అడ్మిరల్‌ ఎస్‌.ఎం. నందా పశ్చిమ నౌకాశ్రేణి ఆపరేషన్స్‌ అధికారి కెప్టెన్‌ గులాబ్‌ హీరానందానీని అభిప్రాయం అడిగాడు. ఈసారి కూడా విక్రాంత్‌ రేవులోనే కూర్చుంటే జనం దానిని తెల్ల ఏనుగు అంటారనీ, నౌకా వైమానిక దళానికి అంతటితో నీళ్ళు వదులుకోవలసిందేననీ, ఒక్క విమానం ఎగరకపోయినా సరే ఓడ సముద్రంలో కనబడి తీరాలనీ ఆయన చెప్పాడు. నందా మనసులోనూ అదే ఉన్నది. అభ్యంతరాలు చెప్పినవారూ లేకపోలేదు. వారిది పిరికితనమనడం న్యాయం కాదు. పాకిస్తాన్‌ అప్పటికే ఫ్రాన్సు నుంచి మూడు అధునాతన జలాంతర్గాములు తెచ్చుకున్నది. వాటికి తోడు ఘాజీ ఉండనే ఉన్నది.

ఇంజనీరింగ్‌ సిబ్బంది చేసిన పని ఈనాటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. పనికొచ్చే మూడు బాయిలర్ల చుట్టూ ఉక్కు పట్టీలు బిగించారు. ఎక్కడైనా ఆవిరి చిమ్ముతున్నదేమో కనిపెట్టడానికి పరిశీలన కిటికీలు అమర్చారు. పీడనాన్ని తగ్గించారు. 1971 జూన్‌ చివరికి పరీక్షలు ముగిసి, 14 నాట్ల వేగం మించరాదన్న షరతుతో ఓడకు అనుమతి లభించింది. అంటే గంటకు 26 కిలోమీటర్లు. కట్టినప్పటి గరిష్ఠ వేగం 24 నాట్ల పైమాటే. బంగాళాఖాతంలో గాలి స్తంభించిన రోజు ఈ కుంటి నడకతో విమానాలను లేపడం ఎంత కష్టమో పైలట్లకు చెప్పనక్కరలేదు.

జులైలో విక్రాంత్‌ బొంబాయి విడిచి కొచ్చిన్‌, మద్రాసుల మీదుగా తూర్పు తీరానికి వచ్చింది. అక్కడ దానికి పెద్ద దిక్కు విశాఖపట్టణంలోని తూర్పు నౌకాదళ అధిపతి వైస్‌ అడ్మిరల్‌ ఎన్‌. కృష్ణన్‌. ఓడకు కెప్టెన్‌ స్వరాజ్‌ ప్రకాశ్‌, తెల్ల పులులకు లెఫ్టినెంట్‌ కమాండర్‌ సంతోష్‌ కుమార్‌ గుప్తా నాయకులు. పద్ధెనిమిది సీ హాక్‌ విమానాలు, వాటికి తోడుగా 310వ స్క్వాడ్రన్‌కు చెందిన నాలుగు అలిజే విమానాలు ఓడ మీద చేరాయి.

కృష్ణన్‌ పన్నిన ఎత్తు విశాఖవాసులు తరవాత కథలుగా చెప్పుకున్నారు. విక్రాంత్‌ను దూరాన అండమాన్‌ దీవుల చాటుకు పంపించి, అది విశాఖ దగ్గరే ఉన్నదన్న భ్రమ కల్పించాడు. ఊరి కాంట్రాక్టర్లకు పెద్ద ఓడకు సరిపడేటంత మాంసం, కూరగాయలు, బియ్యం కావాలని ఆర్డరిచ్చారు. బజారులో పుట్టిన మాట బజారులో ఆగదని ఆయనకు తెలుసు. రాజపుత్‌ అనే పాత డిస్ట్రాయరును తీరానికి దూరంగా పంపి, విక్రాంత్‌ పంపినట్లు కనిపించే వైర్‌లెస్‌ సందేశాలు పంపించారు. వాటిలో తల్లి ఆరోగ్యం ఎలా ఉన్నదో తెలియజేయమని ఒక నావికుడు అడిగినట్లున్న ఇంటి కబురు కూడా ఒకటి. యుద్ధనౌక నుంచి అలాంటి కబురు పంపడం నియమాలకు విరుద్ధం. శత్రువు చెవిన పడాలనే పంపారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన తరవాత విశాఖ తీరాన పెద్ద పేలుడు వినబడింది. ఇళ్ళ కిటికీ అద్దాలు అదిరాయి. తెల్లవారిన తరవాత బెస్తవారికి సముద్రం మీద చమురు తెట్టె, శకలాలు కానవచ్చాయి. విక్రాంత్‌ కోసం వచ్చిన ఘాజీ, తొంభై మందికి పైగా సిబ్బందితో సహా రేవు ముఖద్వారం దాపున సముద్రగర్భంలో శాశ్వతంగా నిలిచిపోయింది. రాజపుత్‌ విసిరిన డెప్త్‌ చార్జీల వల్లనే అది మునిగిందని భారత నౌకాదళం మాట. తాను పెడుతున్న మైనే పేలి మునిగిందని పాకిస్తాన్‌ మాట. ఈ వివాదం పూర్తిగా తీరలేదు. ఏమైనా, వేట మృగం కోసం వచ్చిన వేటగాడు ఖాళీ పొద మీదనే మాటు వేశాడన్నది నిస్సందేహం.

ఆ పేలుడు జరిగిన కొన్ని గంటలకే, అనేక వందల మైళ్ళ దూరాన విక్రాంత్‌ గాలికి ఎదురు తిరిగింది.

డిసెంబరు 4 ఉదయం ఎనిమిది సీ హాక్‌లు ఒకటి తరవాత ఒకటిగా కాటపుల్టు నుంచి లేచాయి. ఓడకు సుమారు 110 కిలోమీటర్ల దూరాన ఉన్న కాక్స్‌ బజారు విమానాశ్రయం మీద రాకెట్లతో, ఫిరంగులతో దాడి చేసి, అన్నీ తిరిగి వచ్చాయి. ఒడ్డున ఉన్నవారికి దాడి ఎక్కడినుంచి వచ్చిందో తెలియడానికి కొంత సమయం పట్టి ఉండాలి. విక్రాంత్‌ అక్కడున్నదని వారు అనుకోలేదు గదా! సాయంత్రానికి వంతు చిట్టగాంగ్‌ది. అక్కడి రేవులోని ఓడలూ విమానాశ్రయమూ దాడికి గురయ్యాయి. తరవాతి రోజుల్లో ఖుల్నా, మంగ్లా రేవులు. రాత్రిపూట నెమ్మదిగా ఎగిరే అలిజేలు పని అందుకునేవి. పగలు మళ్ళీ సీ హాక్‌ల వంతు. ఇంజను గదిలో కిటికీ దగ్గర నిలుచున్న మనిషి పట్టీల కేసి చూస్తూ ఉండేవాడు. డెక్కు మీద పైలట్‌ గాలి కేసి చూస్తూ ఉండేవాడు. ఒకరి పని సరిగా సాగకపోతే ఇంకొకరు గట్టెక్కలేరు.

సీ హాక్‌ అప్పటికే పాతబడిన విమానం. ధ్వని వేగాన్ని అందుకోలేదు. ఢాకాలో పాకిస్తాన్‌కున్న సేబర్‌ జెట్లు దాని మీద పడితే తెల్ల పులులకు కష్టకాలమే. ఆ సంకటం రాకుండా కాపాడింది భారత వైమానిక దళం. అది ఢాకా రన్‌వేను పదే పదే బాంబులతో తవ్వి, మూడు నాలుగు రోజుల్లోనే సేబర్లను నేలకు కట్టివేసింది. కాబట్టి 300వ స్క్వాడ్రన్‌ విజయాన్ని చెప్పేటప్పుడు ఆ రుణం మరవరాదు. అయినా నేల మీద నుంచి విమాన విధ్వంసక తుపాకులు కాల్చుతూనే ఉన్నాయి. గుళ్ళు తగిలిన విమానాలు కొన్ని చిల్లులతోనే తిరిగి వచ్చి తాళ్ళు పట్టుకున్నాయి. శత్రు కాల్పులకు ఒక్క సీ హాక్‌ కూడా కూలలేదు.

ఆ దాడుల ఫలితం కూలిన గోడల లెక్కలో కన్న మూసుకుపోయిన దారిలో కనిపిస్తుంది. తూర్పు పాకిస్తాన్‌లోని సైన్యానికి మూడు వైపులా భారత సేనలు. మిగిలిన నాల్గవ వైపు సముద్రం. చిట్టగాంగ్‌, కాక్స్‌ బజారు, ఖుల్నాల నుంచి ఓడలెక్కి తప్పించుకోవచ్చునన్న ఆశ ఆ సైన్యానికి ఉండి ఉంటే, ఆ ఆశను తెంచినది విక్రాంత్‌. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగినప్పుడు వైస్‌ అడ్మిరల్‌ కృష్ణన్‌ అక్కడ ఉన్నారు. బందీలైన వారు సుమారు 93,000. విక్రాంత్‌ సిబ్బందికి రెండు మహావీర్‌ చక్రలు, పన్నెండు వీర్‌ చక్రలు లభించాయి. మహావీర్‌ చక్రలు అందుకున్నవారు కెప్టెన్‌ స్వరాజ్‌ ప్రకాశ్‌, తెల్ల పులుల నాయకుడు గుప్తా. ఉక్కు పట్టీలు బిగించిన వారి పేర్లు మాత్రం సామాన్య పాఠకుల దాకా రాలేదు.

ఆ తరవాతి కథ నెమ్మదిగా సాగింది. 1978లో సీ హాక్‌ చివరిసారి విక్రాంత్‌ డెక్కు విడిచింది. 1983లో దాని సేవ ముగిసింది. అదే ఏడు డిసెంబరు 16న, ఢాకా లొంగుబాటుకు సరిగ్గా పన్నెండేళ్ళకు, మూడు సీ హారియర్‌ విమానాలు బ్రిటన్‌ నుంచి గోవా చేరాయి. వాటిని నడిపించి తెచ్చిన స్క్వాడ్రన్‌ నాయకుడు అరుణ్‌ ప్రకాశ్‌. 1971లో ఈయన ఓడ మీద లేడు. వైమానిక దళానికి బదిలీపై వెళ్ళి పశ్చిమ రంగంలో హంటర్‌ విమానం నడిపి వీర్‌ చక్ర పొందాడు. తరవాతి కాలంలో ఈయన కూడా నౌకాదళ ప్రధానాధిపతి అయ్యాడు.

సీ హారియర్‌ రాకతో కొక్కెమూ, తాళ్ళూ అవసరం లేకపోయాయి. అది ఇంజను ధాటిని కిందికి మళ్ళించి గాలిలో నిలిచి, నిట్టనిలువుగా డెక్కు మీద దిగుతుంది. లేవడానికి డెక్కు కొసన పైకి వంచిన ఏటవాలు చాలు. 1987లో వచ్చిన రెండవ వాహక నౌక విరాట్‌కు ఆ ఏటవాలు ముందే ఉన్నది, విక్రాంత్‌కు తరవాత అమర్చారు. చూడముచ్చటైన విమానమే గాని ప్రాణాంతకమైనది కూడా. కొన్న విమానాల్లో సగానికి పైగా ప్రమాదాలకే బలి అయ్యాయి. పలువురు పైలట్లు మరణించారు. యుద్ధంలో ఒక్క సీ హాక్‌నైనా శత్రువుకు అర్పించని దళం, శాంతి కాలంలో ఇన్ని చావులు చూడవలసి వచ్చింది. వీటి గురించి స్మారక సభలు తక్కువ.

2016 ఫిబ్రవరిలో విశాఖపట్టణం ఎదుట అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగింది. బీచి రోడ్డు పొడుగునా నిలిచిన జనానికి విరాట్‌, విక్రమాదిత్య రెండూ ఒకే వరసలో కనబడ్డాయి. మూడు నెలలకు, మే 11న, గోవాలో సీ హారియర్లకు వీడ్కోలు పలికి, ఆ చోటనే 300వ స్క్వాడ్రన్‌కు రష్యా తయారీ మిగ్‌-29కె విమానాలు అప్పగించారు. విశాఖలో మ్యూజియంగా నిలపాలని ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం ముచ్చటపడిన విరాట్‌ చివరకు ఆలంగ్‌ తీరాన ముక్కలయింది. బొంబాయిలో కొన్నాళ్ళు మ్యూజియంగా ఉన్న విక్రాంత్‌కు కూడా 2014లో అదే గతి పట్టింది.

మిగ్‌ రాకతో ఒక పాత విద్య తిరిగి వచ్చింది. అది సీ హారియర్‌లా ఏటవాలు మీద నుంచి లేస్తుంది. దిగేటప్పుడు సీ హాక్‌లా కొక్కెంతో ఉక్కు తాడు పట్టుకుంటుంది. అయితే తొలి ఏళ్ళలో ఈ కొత్త పులికి ఆరోగ్యం అంతంతమాత్రం. ఎగరడానికి సిద్ధంగా ఉన్న మిగ్‌-29కె విమానాలు 16 నుంచి 38 శాతం మధ్యనే ఉన్నాయని 2016లో కాగ్‌ నివేదిక లెక్క కట్టింది. పగిలిన బాయిలరుతో యుద్ధం చేసిన దళానికి ఇది కొత్త అనుభవం కాదు గాని, అది ఎవరూ గర్వపడవలసిన ఆనవాయితీ కూడా కాదు.

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో రెండవ విక్రాంత్‌ నౌకాదళంలో చేరింది. పాత ఓడకున్న ఆర్‌11 సంఖ్యనే దీనికీ ఇచ్చారు. బ్రిటన్‌లో సగం కట్టి వదిలేసిన ఓడను కొనుక్కున్న దేశం ఈసారి ఉక్కుతో సహా తానే తయారు చేసుకున్నది. యుద్ధనౌకకు తగిన ఆ ఉక్కు మిశ్రమాన్ని రూపొందించింది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం. దానిని పోతపోసిన కర్మాగారాల్లో బస్తర్‌కు ఉత్తరాన, అదే ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న భిలాయి ఒకటి. 2023 ఫిబ్రవరి 6న మిగ్‌-29కె ఒకటి మొదటిసారి ఆ డెక్కు మీదికి వచ్చి, కొక్కెం చాచి, తాడు పట్టుకొని నిలిచింది.